ఏడు తరాల ప్రశ్న

 



కిందటి వర్షావాసంలో ఒక ఆదివారం. త్రిశరణ పంచశీలాలు, బుద్ధ వందన అయిపోయాయి. అందరూ చాపలు చుట్టి లేస్తున్నారు. గుంటూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చే ఒక ఉపాసిక మాత్రం కూర్చునే ఉంది. "అన్నా, ఒక సంగతి అడగాలి. నలుగుర్లో కాదు" అంది. జనం మజ్జిగ తాగడానికి వరండాలోకి వెళ్ళాక గొంతు తగ్గించి చెప్పింది.

ఆమె కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఇంటికే ఒక చిన్న పెట్టె తెప్పించుకుంటారు. అందులో ఉన్న గొట్టంలో ఉమ్మి పోసి తిరిగి పోస్టులో పంపితే, మన పూర్వీకులు ఏ ప్రాంతం వాళ్ళో కంపెనీ చెబుతుంది. సరదాగా ఆ అబ్బాయి కూడా పంపాడు. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. దాంతోపాటు అదే పరీక్ష చేయించుకున్న దూరపు చుట్టాల జాబితా ఒకటి వచ్చింది. అందులో ఒక ఇంటిపేరు చూసి వాడు తల్లికి ఫోన్ చేశాడు. అది వాళ్ళ ఊరి పెద్ద ఆసాముల ఇంటిపేరు. ఆమె అమ్మమ్మ వయసులో ఉన్నప్పటి నుంచి ఆ ఇంటి గొడ్లచావిట్లోనే పేడకళ్ళు ఎత్తింది.

"మావాడు ‘మనం ఎవరమమ్మా?’ అంటున్నాడు అన్నా. నాకు నోరు పెగల్లేదు. మా అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ చావిడి సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. ఇప్పుడు నేను వాడికేం చెప్పను?"

ఆ రోజు ఆమెకు చెప్పగలిగింది కొంచెమే. తర్వాత చదివి, ఆలోచించి, విహారంలో నలుగురం కూర్చుని మాట్లాడుకున్నదంతా కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన పిల్లలు చదువుకుని దేశాలు దాటుతున్నారు. ఆ పెట్టెలు మన ఇళ్ళకూ వస్తాయి. అవి రాకముందే ధమ్మం ఏమంటుందో తెలుసుకుని ఉండటం మంచిది.

ఉమ్మి చెప్పేది, చెప్పనిది

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది. దాన్ని సుమారు 300 కోట్ల అక్షరాల రాత అనుకోండి. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. భూమ్మీద ఏ ఇద్దరు మనుషులను తీసుకున్నా ఆ రాత దాదాపు 99.9 శాతం ఒకటే. కంపెనీవాళ్ళు మనిషికీ మనిషికీ తేడా ఉండే చోట్లలో ఆరేడు లక్షల చోట్లను మాత్రమే చదువుతారు. చదివి, తమ దగ్గర ఉన్న నమూనాలతో పోల్చి, ఇన్ని పాళ్ళు ఈ ప్రాంతం, ఇన్ని పాళ్ళు ఆ ప్రాంతం అని అంచనా వేస్తారు. ఆ నమూనాలు ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళవి, మన ముత్తాతలవి కావు. రేపు ఇంకొన్ని నమూనాలు చేరితే అదే ఉమ్మికి వేరే శాతాలు వస్తాయి. అన్నకూ చెల్లెలికీ కూడా శాతాలు సరిగ్గా ఒకేలా రావు, ఎందుకంటే తల్లిదండ్రుల నుంచి ఇద్దరికీ వచ్చిన సగాలు వేరు.

ఇక చుట్టాల జాబితా. ఇద్దరి డీఎన్ఏలో ఎంత పొడుగు ముక్కలు ఒకేలా ఉన్నాయో కొలిచి, వీళ్ళు ఇంత దగ్గర బంధువులు అని యంత్రం చెబుతుంది. కానీ మన దగ్గర ఒక చిక్కు ఉంది. మేనమామ కూతురు, మేనత్త కొడుకు, అక్క కూతురు అంటూ తరాల తరబడి మేనరికాలు చేసుకున్నాం. ఒకే పూర్వీకుడి నుంచి రెండు మూడు దారుల్లో డీఎన్ఏ వస్తుంది. అందుకని దూరపు చుట్టం కూడా యంత్రానికి దగ్గరివాడిలా కనబడతాడు. పైగా చిన్న ముక్క ఒకటి కలిసిందంటే అది తాత కాలం నాటిది కావచ్చు, వందల ఏళ్ళ కిందటిదీ కావచ్చు. తెలుగు ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపిస్తుంది. కాబట్టి జాబితాలో ఒక ఇంటిపేరు చూసి ఒక తీర్పు రాసేయకూడదు. ఆ ఉపాసికకు మొదట చెప్పింది ఇదే.

అయినా నేను ఆ గొట్టం గురించి విన్నప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పీష్వాల పూనాలో మనవాళ్ళు ఉమ్మి నేలమీద పడకుండా మెడలో ముంత కట్టుకు తిరగాలని శాసించిన సంగతి బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’లో రాశారు. మెడలో ముంత, నడుముకు తాటాకు అని మన సభల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఏ ఉమ్మి నేలను మైలపరుస్తుందన్నారో, ఆ ఉమ్మినే ఇవాళ గొట్టంలో పట్టి భద్రంగా చదువుతున్నారు. అందులో మైల ఎక్కడా కనబడలేదు. కనబడింది మనిషే.

అస్సలాయనుడు తల దించుకున్నాడు

ఈ ఏడు తరాల లెక్క ఇవాళ్టిది కాదు. మజ్ఝిమ నికాయంలో అస్సలాయన సుత్తం ఉంది. అస్సలాయనుడు పదహారేళ్ళ కుర్రవాడు, వేదాలన్నీ చదివినవాడు. శ్రావస్తిలో బ్రాహ్మణులు అతన్ని ముందు పెట్టుకుని బుద్ధుడి దగ్గరికి వాదానికి వెళ్ళారు. మేమే ఉత్తములం, బ్రహ్మ ముఖం నుంచి పుట్టినవాళ్ళం అని ఆ కుర్రవాడు చెప్పాడు. బ్రాహ్మణ స్త్రీలు కూడా గర్భం మోసి, కని, పాలిచ్చి పెంచడం అందరూ చూస్తున్నదే కదా అని భగవానుడు గుర్తు చేశాడు. తర్వాత ఒక పాత కథ చెప్పాడు. అసిత దేవలుడనే ఋషి, జన్మ గర్వంతో ఉన్న ఏడుగురు బ్రాహ్మణ ఋషులను అడిగాడట: మీ తల్లి బ్రాహ్మణుడితోనే కలిసిందని మీకు తెలుసా? ఆమె తల్లి, ఆ తల్లికి తల్లి, అలా ఏడు తరాల వరకు తెలుసా? మీ తండ్రి వైపు ఏడు తరాలు తెలుసా? తెలియదని వాళ్ళు ఒప్పుకున్నారు. మరి మీరెవరో మీకే తెలియదు కదా అన్నాడు ఋషి. ఈ కథకు ముందే, వాదంలోనే అస్సలాయనుడు మాట లేక తల దించుకున్నాడు.

లెక్క వేసి చూడండి. తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ళ తల్లిదండ్రులు నలుగురు. ఏడు తరాలు వెనక్కి పోతే 128 స్థానాలు. మేనరికాల వల్ల ఒకే మనిషి రెండు స్థానాల్లో ఉండొచ్చు, అది వేరే సంగతి. ఆ 128 మంది గురించీ ప్రమాణం చేసి చెప్పగలవాడు ఎవడు? రాజు చెప్పలేడు, పురోహితుడు చెప్పలేడు, మనమూ చెప్పలేం. రక్త శుద్ధి అనేది ఎవరికీ తెలియని విషయం మీద కట్టిన అహంకారం. రెండున్నర వేల ఏళ్ళ కిందటే భగవానుడు ఆ పునాది తీసి చూపించాడు.

దీఘ నికాయంలో అంబట్ఠ సుత్తం కూడా చదవాలి. అంబట్ఠుడు శాక్యులను తక్కువవాళ్ళని తిట్టాడు. అతని గోత్రం గురించి అడిగి, ఆ గోత్రానికి మూలపురుషుడు కణ్హుడనీ, ఒక్కాక రాజు దాసి కడుపున పుట్టినవాడనీ బుద్ధుడు బయటపెట్టాడు. అప్పటిదాకా అంబట్ఠుడి వెంట ఉన్న కుర్రవాళ్ళే అతన్ని దాసీపుత్రుడని గేలి చేయడం మొదలుపెట్టారు. వెంటనే భగవానుడు ఏం చేశాడు? వాళ్ళను ఆపాడు. ఆ కణ్హుడు గొప్ప ఋషి అయ్యాడు, దాసి కొడుకని ఇతన్ని చిన్నబుచ్చకండి అన్నాడు. ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఉంది. వంశం గురించిన నిజం గర్వాన్ని దించడానికే, మనిషిని దించడానికి కాదు. గర్వం దిగిన మరుక్షణం కరుణ మొదలవ్వాలి.

గోడ ఎప్పుడు కట్టారు?

హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధనా సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి చేసిన అధ్యయనం 2009లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులో మన మాల, మాదిగ, చెంచు, వెలమ, వైశ్య నమూనాలు కూడా ఉన్నాయి. భారతదేశంలో ఇవాళ ఉన్న కులాలు, తెగలు దాదాపు అన్నీ రెండు ప్రాచీన జనాల కలయిక అని తేలింది. పాళ్ళు కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారతాయి. కలయిక మాత్రం దాదాపు అందరిలోనూ ఉంది, మాల మాదిగల్లోనూ ఉంది. 2013లో వచ్చిన తర్వాతి అధ్యయనం ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు సాగిందని లెక్కకట్టింది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఎవరి గుంపులో వాళ్ళు పెళ్ళాడటం మొదలైంది. పశ్చిమ బెంగాల్ కల్యాణిలోని శాస్త్రవేత్తలు 2016లో, కొన్ని పై కులాల్లో ఈ మూసుకోవడం సుమారు 70 తరాల కిందట జరిగిందని చెప్పారు.

అంటే ఏమిటి? కులం సృష్టి మొదటి నుంచీ ఉన్నది కాదు. మనుషులు ఒక కాలంలో కట్టిన గోడ. బాబాసాహెబ్ ఈ మాట డీఎన్ఏ యంత్రాలు రాకముందే చెప్పారు. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో, కులానికి మూలం లోపలి పెళ్ళిళ్ళేనని నిరూపించారు. బ్రిటిష్ కాలంలో రిస్లీ లాంటివాళ్ళు ముక్కులు కొలిచి కులాన్ని జాతిగా చూపబోయారు. 1948లో అంటరానివాళ్ళ గురించి రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ అలాంటి కొలతలనే తీసుకుని, బ్రాహ్మణుడికీ అంటరానివాడికీ జాతి తేడా లేదని తేల్చారు. అంటరానితనం క్రీస్తుశకం 400 ప్రాంతంలో పుట్టిందని కూడా అక్కడే వాదించారు.

గోడ కట్టినవాళ్ళ ఇళ్ళల్లోకీ గాలి ఆగిపోయింది. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాల్గొన్న మరో అధ్యయనం, దక్షిణాసియాలో పరీక్షించిన గుంపుల్లో చాలా వాటికి ఈ లోపలి పెళ్ళిళ్ళ వల్ల అరుదైన వంశపారంపర్య జబ్బుల ముప్పు ఎక్కువని చూపింది. కులం ఒకరికి అవమానం, ఇంకొకరికి జబ్బు. ఎవరికీ మేలు కాలేదు.

ఇక్కడ మనవాళ్ళతోనే ఒక మాట చెప్పాలి. కొంతమంది సోదరులు డీఎన్ఏ పేరు చెప్పి, మనమే అసలు స్వచ్ఛమైన మూలవాసులం, వాళ్ళంతా పరాయి రక్తం అంటున్నారు. 2001లో ఆంధ్రప్రదేశ్ కులాల మీద వచ్చిన ఒక అధ్యయనాన్ని చూపిస్తున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. వేల ఏళ్ళు తొక్కించుకున్నవాడికి నాది పెద్ద వంశం అనిపించుకోవాలని ఉంటుంది. కానీ ఆలోచించండి. నా రక్తం శుద్ధం, వాడిది కాదు అన్న క్షణంలో మనం మనువు పీట మీదే కూర్చున్నట్టు. పీట మీద మనిషి మారాడు, పీట అలాగే ఉంది. బాబాసాహెబ్ మనకు ఆ పీట ఇప్పించలేదు. దాన్ని విరగ్గొట్టమన్నారు. మన హక్కు మన రక్తం నుంచి రాలేదు, మనం మనుషులం కావడం నుంచి వచ్చింది.

ఎవరి సిగ్గు?

ఇంకో అపోహ. పోయిన జన్మలో పాపం చేశావు కాబట్టే ఈ కులంలో పుట్టావని మన తాతలకు చెప్పారు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో బాబాసాహెబ్ దీన్ని విప్పి చూపించారు. బిడ్డకు శరీర లక్షణాలు తల్లిదండ్రుల నుంచి వస్తాయనీ, పూర్వ జన్మ కర్మ పేరుతో పేదవాణ్ణి, అంటరానివాణ్ణి వాడి దురవస్థకు వాడినే బాధ్యుణ్ణి చేయడం బుద్ధుడి బోధ కాదనీ వివరించారు. ఆ పరీక్ష కాగితం కూడా అదే చెబుతుంది. అందులో తల్లి పాలు ఉంది, తండ్రి పాలు ఉంది. పోయిన జన్మ పాపం అనే గడి ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ ఉపాసిక ప్రశ్నకు వద్దాం. నేను ఆమెతో ఇలా అన్నాను. "అమ్మా, ఆ జాబితాలో ఉన్నది నిజమో కాదో మనకు తెలియదు. ఒకవేళ నిజమే అనుకో. అప్పుడు సిగ్గుపడాల్సింది ఎవరు? మూడో శీలం తప్పింది ఎవరు? పొలం వాడిది, చావిడి వాడిది, ఊరి పెద్దరికం వాడిది. మీ అమ్మమ్మకు ఉన్నది రెండు చేతుల కష్టం. కాదంటే రేపు కూలి లేదు. ఆ ఇంటి సంగతి వస్తే ఆమె లేచి వెళ్ళిపోయేదన్నావు. ఇన్నేళ్ళూ ఆ బరువు ఆమె ఒక్కతే మోసింది. అది ఆమె తప్పు కాదని ఇప్పుడైనా మనం చెప్పాలి. పగలు అంటరానిదన్నవాడు రాత్రి ఆ మాట మర్చిపోయాడంటే, అంటు అనేది అబద్ధమని వాడికీ తెలుసన్నమాట."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "మరి మావాడికి?" అంది.

"నువ్వు ఎవరివో ఆ కాగితం చెప్పదురా అని చెప్పమ్మా. నిన్ను ఎవరు కన్నారో కొంచెం చెబుతుంది, అంతే. నువ్వు ఏం చేస్తున్నావో అదే నువ్వు. ఆ జాబితాలో ఉన్న మనిషికి కోపంతో ఉత్తరం రాయొద్దు. చుట్టరికం కోసం అర్రులు చాచొద్దు. అతను ఆ పని చేసినవాడు కాడు, అతనికీ ఏమీ తెలిసి ఉండదు."

పరీక్ష చేయించుకోవాలనుకుంటే

ఈ పరీక్ష తప్పని నేననను. చూసి తెలుసుకోమనే బుద్ధుడు చెప్పాడు. అయితే సమ్యక్ సంకల్పం ముందుండాలి. ఎందుకు చేయించుకుంటున్నానని మొదట నిన్ను నువ్వు అడుగు. తెలుసుకోవాలనే కుతూహలం అయితే సరే. పెద్ద వంశం దొరుకుతుందేమోనన్న ఆశ అయితే అది తృష్ణ, దాని చివర దుఃఖమే ఉంటుంది. జబ్బు గురించి అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇంట్లో చేసుకునే పరీక్ష వైద్యం కాదు.

రెండోది, ఇంట్లోవాళ్ళను అడుగు. నీ డీఎన్ఏలో సగం మీ అమ్మది, సగం మీ నాన్నది. నువ్వు ఉమ్మి పోస్తే వాళ్ళ సంగతీ, మీ మేనత్తల, పినతల్లుల సంగతీ కొంత బయటపడినట్టే. 2018లో కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి హంతకుణ్ణి పోలీసులు పట్టుకున్నది అతని దూరపు బంధువులు ఇంటర్నెట్‌లో పెట్టిన డీఎన్ఏ వివరాలతోనే. అక్కడ మంచే జరిగింది. కానీ ఒకరి పరీక్ష ఎంతమందిని తాకుతుందో చూడండి.

మూడోది, ఆ వివరాలు ఎక్కడ ఉంటాయో తెలుసుకో. ట్వంటీత్రీ అండ్ మీ అనే పెద్ద అమెరికా కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి పోయాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, డీఎన్ఏ మార్చుకోలేం. పరీక్ష అయ్యాక వివరాలు, నమూనా తీసేయమని కంపెనీని కోరే వీలుందేమో ముందే చూసుకోవాలి.

నాలుగోది, ఉమ్మి పంపే ముందు ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదు, ఏ కరువులో ఏం తిన్నారు, మొదట బడికి వెళ్ళింది ఎవరు, అడగండి. అది ఏ గొట్టంలోనూ దొరకదు. ఆ ముసలావిడ పోతే దానితోపాటు అదీ పోతుంది.

అసలు పరీక్ష

బంధువులారా, మన ధమ్మానికి అసలు పరీక్ష ఇంకోటి ఉంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ వెంట లక్షల మంది దీక్ష తీసుకున్నారు. మనమూ తీసుకున్నాం, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చదివాం. ఆ తర్వాత ఇంటికి పెళ్ళి సంబంధం వస్తే ఏం అడుగుతున్నాం? అబ్బాయి బౌద్ధుడేనా అని అడుగుతున్నామా, మాలా, మాదిగా అని అడుగుతున్నామా? అందులోనూ ఏ తెగ అని అడుగుతున్నామా? గోడ మొదలైంది పెళ్ళిలో అని 1916లో చెప్పిన ఆయనే, ఆ గోడ కూలేదీ పెళ్ళిలోనే అని 1936లో చెప్పారు. మన విహారంలో ఎన్ని సంబంధాలు ఆ గోడ దాటాయో లెక్కపెట్టుకుంటే, మన ఫలితం మనకే తెలుస్తుంది. దానికి ఉమ్మి అక్కర్లేదు.

వంశం కావాలా? ఉంది. జ్ఞానోదయం తర్వాత కపిలవస్తులో భగవానుడు వీధి వీధీ తిరిగి భిక్ష అడిగినప్పుడు శుద్ధోదనుడు నొచ్చుకున్నాడు. మన వంశంలో ఎవరూ అడుక్కోలేదన్నాడు. అది మీ రాజవంశం, నాది బుద్ధుల వంశం అన్నాడు భగవానుడు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన శిల ఒకటి దానం చేసిన మనిషి ఉన్నాడు. పేరు విధికుడు. తన పని చర్మకారమని దాచుకోకుండా రాయి మీద చెక్కించాడు. తల్లినీ, భార్యనూ, అన్నదమ్ములనూ, పిల్లలనూ ఆ దానంలో కలుపుకున్నాడు. అతని రక్తం మనలో ఉందో లేదో ఏ పరీక్షా చెప్పదు. అతను పెట్టిన దీపం పక్కన మన దీపం పెడితే మనం ఆ ఇంటివాళ్ళమే.

తర్వాతి ఆదివారం ఆ ఉపాసిక మళ్ళీ వచ్చింది. ఒక పాత ఫొటో తెచ్చింది. కొడుకుతో మాట్లాడానంది. బుద్ధ విగ్రహం ముందు దీపం వెలిగించి, వాళ్ళ అమ్మమ్మ పేరు అందరికీ వినబడేలా చెప్పి, ఈ పుణ్యం ఆమెకు చెందాలంది. మేమంతా సాధు పలికాం.

మీ ఇంట్లోనూ పేరు పలకని ముసలమ్మ ఒకరు ఉంటారు. ఈ వారం ఆమె పేరు పలకండి.

సాధు! సాధు! సాధు!

జై భీమ్.